సర్కారు వెబ్‌సైటు ఏ బ్రౌజరులోనైనా తెరుచుకోవాలి

(మదనపల్లెలో ముతవల్లీలు, ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో వక్ఫ్ భూముల గురించి, విద్యార్థి వేతనాల గురించి, బీసీ-ఇ ధ్రువపత్రాల గురించి మాట్లాడవలసిన వక్తలు ఉన్నారు. వాటితో పోలిస్తే మాకు అప్పగించిన అంశం చిన్నదిగా కనిపిస్తుంది. ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లు అన్ని బ్రౌజర్లలోనూ పనిచేయాలన్నదే ఆ అంశం. ఇది కంప్యూటరు చదివిన కుర్రాళ్ల వ్యవహారం గదా, మసీదు ప్రాంగణంలో దీని గురించి చర్చ ఎందుకని ఆహ్వాన పత్రిక చూసిన ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. ఆయన ప్రశ్న సబబైనదే. విద్యార్థి వేతనం కావాలన్నా, వక్ఫ్ ఆస్తి నమోదు కావాలన్నా, హజ్ దరఖాస్తు పెట్టాలన్నా, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం ఏది కావాలన్నా నేడు మొదటి మెట్టు వెబ్‌సైటే. ఆ మెట్టు దగ్గరే మనిషి జారిపోతే, తరువాతి హక్కులన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి. అందుకే ఈ అంశాన్ని సంతోషంగా స్వీకరించాము.

బ్రౌజరు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి మన కళ్లముందు పరిచే పనిముట్టు అది. గూగుల్ వారిది క్రోమ్, మొజిల్లా వారిది ఫైర్‌ఫాక్స్, మైక్రోసాఫ్ట్ వారిది ఎడ్జ్. ఆపిల్ ఫోనులో సఫారీ ఉంటుంది, శాంసంగ్ ఫోనులో ఆ కంపెనీ సొంత బ్రౌజరు ఉంటుంది. ఎవరి ఫోనులో ఏది ఉందో చాలామందికి తెలియదు, తెలియవలసిన అవసరం కూడా లేదు. టిమ్ బెర్నర్స్-లీ అనే శాస్త్రవేత్త 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రంలో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దానిని లోకమంతా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఎవరి యంత్రమైనా, ఎవరు తయారుచేసిన బ్రౌజరైనా ఒకే పుటను చదవగలగాలన్నది మొదటినుంచీ ఉన్న మూలసూత్రం. అందుకు అవసరమైన ఉమ్మడి ప్రమాణాలు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ దాచిపెట్టలేదు. ఆ ప్రమాణాల ప్రకారం కట్టిన సైటు ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. ఒకే బ్రౌజరును చూసుకుని కట్టిన సైటు ఆ ఒక్కదానిలోనే తెరుచుకుంటుంది.

మాలో కొందరం ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లం. తపాలు తీసుకుని, ఇన్వర్డు రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి రసీదు ఇవ్వడం మా పని. దరఖాస్తుదారు తెల్లకాగితం మీద రాసుకొచ్చేవాడు. నీలి సిరాతో రాశాడా, నల్ల సిరాతో రాశాడా, ఏ కంపెనీ పెన్నుతో రాశాడన్నది మేము చూసేవాళ్లం కాదు. (ఆకుపచ్చ సిరా మాత్రం గెజిటెడ్ అధికారులది, ఆ సిరాతో అర్జీ తెచ్చినవాణ్ణి చూసి నవ్వుకునేవాళ్లమే గానీ, అర్జీ తిప్పి పంపలేదు.) ఫలానా కంపెనీ పెన్నుతో రాస్తేనే పుచ్చుకుంటామని ఏ గుమాస్తా అయినా కిటికీ దగ్గర అని ఉంటే, ఆ సాయంత్రానికే అతని మీద ఫిర్యాదు తహశీల్దారు బల్ల మీద ఉండేది. నేడు ఒక సైటు తెరవగానే 'ఇది ఫలానా బ్రౌజరులో మాత్రమే సరిగా కనిపిస్తుంది' అని చూపిస్తే, మనం తల వంచుకుని నెట్ సెంటరుకు పోతున్నాము. రెండింటికీ తేడా లేదు. కిటికీ దగ్గర మనిషి లేడు గనుక ఎవరి మీద కోపగించుకోవాలో మనకు తెలియడం లేదు, అంతే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో మేము దరఖాస్తులు నింపిపెట్టే పని కొంతకాలంగా చేస్తున్నాము. అక్కడ చూసినవాటిలో మూడు చెబుతాము. సైట్ల పేర్లు చెప్పము. ఒక్కదాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, లోపం అన్నిచోట్లా ఒకే తీరుది.

పుంగనూరులో ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి విద్యార్థి వేతనానికి తల్లి ఫోనులో దరఖాస్తు నింపుతున్నది. రాష్ట్రం ఎంచుకున్నది, జిల్లాల జాబితా మాత్రం తెరుచుకోవడం లేదు. తప్పు తనదేనేమోనని మూడు రాత్రులు మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. అదే దరఖాస్తును మా కార్యకర్త ఫోనులో మరో బ్రౌజరుతో తెరిస్తే జాబితా వెంటనే వచ్చింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నెట్‌దీ కాదు. కానీ ఆ మూడు రాత్రులూ ఆ ఇంట్లో 'నీకు చేతకాదు' అనే మాటే వినిపించింది.

కుప్పంలో ఒక ముతవల్లీ సాహెబు ఖబరస్తాన్ పత్రాలన్నీ భద్రంగా స్కాను చేయించుకుని వచ్చారు. పత్రాలు జతచేసే మీట ఆయన మనుమడి ఫోనులో కనిపిస్తుంది గానీ, నొక్కితే పలకదు. పాత ఆండ్రాయిడ్ ఫోను అది. అటువంటి ఫోన్లకు కొత్త క్రోమ్ రాదు. ఫోను మాట్లాడుతుంది, ఫొటో తీస్తుంది, వాట్సాప్ చూపిస్తుంది. బ్రౌజరు మాత్రం వయసు ఆగిపోయినట్టు అక్కడే నిలిచిపోతుంది. మన ఇళ్లలో ఫోను వారసత్వంగా దిగుతుందన్న సంగతి మీకు తెలుసు. కువైట్ నుంచి అన్న పంపిన ఫోను కొన్నాళ్లకు తమ్ముడిదవుతుంది, ఆ తరువాత అమ్మది, చివరికి చదువుకునే చెల్లెలిది. అందరికంటే ఎక్కువ దరఖాస్తులు నింపవలసిన మనిషి చేతిలో అందరికంటే పాత ఫోను ఉంటుంది. సైటు కట్టినవారి బల్ల మీద కొత్త ల్యాప్‌టాపు, దానిలో తాజా క్రోమ్ ఉంటాయి. ఆ ఒక్క బల్ల మీద పనిచేస్తే పనిచేసినట్టే అని వారు అనుకుంటారు.

మూడోది ఇక్కడ మదనపల్లెలోనే. చూపులేని ఒక హాఫిజ్ గారు ఫోనులోని అక్షరాలను చదివి వినిపించే సదుపాయంతో అన్ని పనులూ సొంతంగా చేసుకుంటారు. బ్యాంకు నిల్వ చూసుకుంటారు, రైలు టికెట్టు తీసుకుంటారు. ఒక ప్రభుత్వ సైటులో వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చేయమన్నారు. బొమ్మను చదివి చెప్పే ఏర్పాటు లేదు. ఖుర్ఆన్ అంతా కంఠస్థమైన మనిషి, ఆరు అక్షరాల బొమ్మ కోసం పక్కవారిని బతిమాలుకోవలసి వచ్చింది.

ఇటువంటివారందరూ చివరికి చేరేది నెట్ సెంటరుకే. నెట్ సెంటర్ల వారిని మేము నిందించము, వారిలో చాలామంది మన పిల్లలే. కానీ కుట్టుమిషను మీద బతికే స్త్రీకి ఆ ప్రయాణం ఒక పూట సంపాదన. పైగా ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ, బ్యాంకు ఖాతా, ఆడపిల్ల ఫొటో అన్నీ పరాయి కంప్యూటరులో మిగులుతాయి. ఇంట్లోనే పూర్తి కావలసిన పనిని బజారుకు ఈడ్చేది ఆ సైటే.

ఇదంతా ఎందుకు జరిగిందో మన ప్రాంత చరిత్రలోనే కొంత కనిపిస్తుంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం ప్రారంభించింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టి, కంప్యూటర్లు ఉంచి, ప్రజలను అక్కడికి రమ్మన్నారు. దేశమంతా ఆనాడు కుప్పం వైపు చూసింది. 2011 నవంబరులో మీసేవ మొదలైనదీ మన పాత చిత్తూరు జిల్లాలోనే. అక్కడా పద్ధతి అదే: ఒక కేంద్రం, ఒక ఆపరేటరు, ఒక కంప్యూటరు. ఆపరేటరు వాడే బ్రౌజరు ఏదో ముందే తెలుసు. ఆ ఒక్కదానిలో పనిచేస్తే చాలు, రాష్ట్రమంతా పనిచేసినట్టే. 2019 అక్టోబరు 2న వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాలదీ దాదాపు అదే తీరు. ఈలోగా ఫోను ప్రతి జేబులోకీ వచ్చింది. 'ఇక మీరే ఇంట్లో కూర్చుని దరఖాస్తు చేసుకోండి' అన్నారు. మాట మంచిదే. ఒక్క ఆపరేటరు కోసం కట్టిన కిటికీని కోటి రకాల ఫోన్లకు తెరిచేటప్పుడు, దానిని మళ్లీ కట్టవలసి ఉంటుందన్న ఆలోచన మాత్రం చాలాచోట్ల జరగలేదని మా అంచనా.

ఆనాటి ఆ ఒక్క బ్రౌజరు పేరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. కార్యాలయ కంప్యూటర్లలో నీలిరంగు 'ఇ' అక్షరంగా ఉండేది, మాలో చాలామందిమి వేలు పెట్టి నేర్చుకున్నది దానిమీదే. 2001లో వచ్చిన దాని ఆరో రూపాన్ని మనసులో పెట్టుకుని లెక్కలేనన్ని ప్రభుత్వ సైట్లు కట్టారు. యాక్టివ్‌ఎక్స్ అనే ఆ కంపెనీ సొంత సాంకేతికత మీద, జావా, ఫ్లాష్ వంటి అతుకుల మీద ఆధారపడ్డారు. ఆ అతుకులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. 2015లో క్రోమ్ ఆ పాత తరహా అతుకులను ఆపివేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ముగిసింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే స్వస్తి చెప్పింది. ప్రజలిచ్చిన పన్నులతో కట్టిన సైట్లు, ఒక ప్రైవేటు కంపెనీ తీసుకున్న నిర్ణయంతో పనికిరాకుండా పోయే పరిస్థితి వచ్చింది.

తెలుగు అక్షరాల విషయంలోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు తెలుగు దినపత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు కనిపించేది, వేరే బ్రౌజరులో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప కనిపించేది. ఆ కుప్పను తిరిగి తెలుగు చేయడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే ఉపకరణం తయారైంది. యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర ప్రమాణం 1991లోనే తెలుగును చేర్చుకున్నది; దానిని అందరూ పాటించడం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది. నేడు మీరు ఏ ఫోనులోనైనా తెలుగు చదవగలుగుతున్నారంటే, ఎవరో ఒక కంపెనీ దయవల్ల కాదు, ఉమ్మడి ప్రమాణాన్ని పాటించినందువల్ల. ఉర్దూకు ఆ మేలు ఇంకా సగమే అందింది. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. కుడి నుంచి ఎడమకు సాగే లిపిని దృష్టిలో పెట్టుకోకుండా కట్టిన దరఖాస్తులో ఉర్దూ పేరు రాస్తే, మధ్యలో అంకె వచ్చిన చోట వరుస తారుమారవుతుంది. ఎన్ని సైట్లలో ఉర్దూ పుట అసలు ఉన్నదో ఇంటికి వెళ్లాక మీరే లెక్కపెట్టి చూడండి.

ఈ సంకటం మన దేశానికే పరిమితం కాదు. 2005 ఆగస్టు చివర అమెరికాను కత్రినా తుపాను ముంచెత్తింది. ఇళ్లు పోయినవారు సాయం కోసం ఆ దేశపు విపత్తు నిర్వహణ సంస్థ సైటులో నమోదు చేసుకోవాలి. ఆ దరఖాస్తు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరులో మాత్రమే పనిచేసేది. వేరే కంప్యూటరు, వేరే బ్రౌజరు ఉన్నవారు ఆగిపోయారు. ఫోను చేద్దామంటే లైన్లు కిక్కిరిసిపోయి దొరకలేదు. అంత సంపన్న దేశంలో, అంత ఆపదలో ఉన్నవారిని బ్రౌజరు పేరు అడిగి ఆపారు.

దక్షిణ కొరియా కథ ఇంకా విచిత్రం. 1990ల చివర బ్యాంకు లావాదేవీల భద్రత కోసమని తమ సొంత గుప్తలిపి పద్ధతిని తెచ్చి, దానిని యాక్టివ్‌ఎక్స్‌తో ముడిపెట్టారు. బ్యాంకు పనీ, ప్రభుత్వ పనీ, బజారు పనీ అన్నీ ఆ ఒక్క బ్రౌజరుకే కట్టుబడిపోయాయి. 2014లో ఒక టీవీ ధారావాహిక చూసిన చైనా ప్రేక్షకులు నాయిక ధరించిన కోటును కొరియా సైట్లలో కొనాలని ముచ్చటపడితే, ఈ చిక్కుముడి వల్ల కొనలేకపోయారు. సాక్షాత్తు ఆ దేశాధ్యక్షురాలు ఆ కోటు సంగతి సభాముఖంగా ప్రస్తావించారు. ప్రజలు పదిహేనేళ్లు పడిన అవస్థకు కదలని ప్రభుత్వం ఒక కోటుకు కదిలింది! ఆ ప్రత్యేక ధ్రువీకరణ పద్ధతి చట్టరీత్యా తొలగడానికి మాత్రం 2020 డిసెంబరు దాకా పట్టింది. ఆ మరుసటి నెలలోనే దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఫ్లాష్ మీద కట్టిన తన ఫారాలను మార్చే పని పూర్తికాక, వాటిని తెరవడం కోసమే ఒక సొంత బ్రౌజరును ప్రజలకు పంచింది. తలుపు బాగు చేయలేక ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి పంచడం వంటిదది.

మన దేశంలో కూడా సొంత బ్రౌజరు కావాలని 2023 ఆగస్టులో కేంద్రం పోటీ ప్రకటించింది. 2025 మార్చిలో జోహో సంస్థ అందులో గెలిచింది. మన పొరుగు తమిళనాడు సంస్థ, సంతోషమే. అయితే ఒక భయం కూడా ఉన్నది. రేపు సర్కారు సైట్లన్నీ ఆ ఒక్క దేశీయ బ్రౌజరులోనే తెరుచుకుంటాయంటే, పాత నీలి 'ఇ' పోయి కొత్త అక్షరం వచ్చినట్టే అవుతుంది. బ్రౌజర్లు ఎన్ని వచ్చినా మంచిదే, ఏ ఒక్కదానినీ షరతుగా పెట్టకూడదు. ఇదే మాట వాట్సాప్ సేవలకూ వర్తిస్తుంది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో 'మన మిత్ర' ప్రారంభించింది. చాలామందికి అది సులభంగా ఉన్నది, కాదనము. కానీ వాట్సాప్ కూడా ఒక విదేశీ ప్రైవేటు కంపెనీ సొత్తు. 2020 జూన్ 29న కేంద్రం ఒక్క ఉత్తర్వుతో 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు, చవక ఫోన్లలో మన పిల్లలు విరివిగా వాడే యూసీ బ్రౌజరు కూడా పోయింది. ఉత్తర్వు మంచిచెడ్డలు అటుంచి, ఒకే యాప్ మీద ఆధారపడినవాడు ఒక్క రాత్రిలో ఎలా ఖాళీ చేతులతో మిగులుతాడో అది చూపింది. వాట్సాప్ అదనపు తలుపుగా ఉండవచ్చు, అసలు తలుపు మాత్రం ఏ బ్రౌజరుకైనా తెరిచే ఉండాలి.

ఇక చట్టం, నియమాల సంగతి. మనం కొత్త హక్కును అడుక్కోవడం లేదు, ఉన్న నియమాన్నే గుర్తుచేస్తున్నాము. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. అధికారులు వాటిని జీఐజీడబ్ల్యూ అంటారు, జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, రూపొందించింది. 2023లో వాటి మూడో రూపం వచ్చింది. కేంద్ర, రాష్ట్ర, జిల్లా స్థాయి సైట్లన్నిటినీ దృష్టిలో పెట్టుకున్న మార్గదర్శకాలవి. సైటును వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలన్నది అందులో ఉన్నది. ప్రమాణాలకు తగినట్టు ఉన్నదని ధ్రువీకరించే పని ఎస్‌టీక్యూసీ అనే కేంద్ర సంస్థది. 2010 నవంబరులో ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానం ప్రకటించారు. ప్రభుత్వం ఏ ఒక్క కంపెనీ సాంకేతికతకూ బందీ కాకూడదన్నది దాని సారాంశం. ఈ మూడు పేర్లూ రాసుకోండి. అర్జీలో 'మా ఫోనులో రావడం లేదయ్యా, దయచూడండి' అని రాయడం వేరు, 'మీ సైటు జీఐజీడబ్ల్యూకు అనుగుణంగా లేదు' అని రాయడం వేరు. మొదటిది చదివి పక్కన పెడతారు. రెండోదానికి ఫైలులో నోటు రాయక తప్పదు. ముప్పై ఏళ్లు నోట్లు రాసిన చేతులతో ఈ మాట చెబుతున్నాము.

న్యాయస్థానాలు కూడా ఈ దిశలో నడిచాయి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఫహీమా షిరీన్ అనే కళాశాల విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్టు అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని తీర్పు చెప్పింది. హాస్టలులో ఫోను వాడకం మీద పెట్టిన ఆంక్షకు తల వంచనందుకు ఆమెను బయటకు పంపారు. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. మన ఆడపిల్లలకు ఈ కేసు పేరైనా తెలియాలి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు బ్యాంకు ఖాతా గుర్తింపు ప్రక్రియలో కళ్లు ఆర్పి చూపించలేక పడిన ఇబ్బంది ఆ కేసు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ప్రకటించింది. ఇందాక చెప్పిన హాఫిజ్ గారి ఇబ్బందికి జవాబు ఆ తీర్పులో ఉన్నది.

ఇప్పుడు వక్ఫ్ విషయం. ముతవల్లీలు దీనికోసమే వచ్చి ఉంటారు. 2025 జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నది. ఆ చట్టం మీద మన అభిప్రాయాలు వేరే వేదికల మీద చెప్పుకున్నాము, ఇక్కడ పోర్టల్ సంగతే. సాంకేతిక ఇబ్బందులున్నాయని, గడువు చాలదని పలువురు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 డిసెంబరు 1న న్యాయస్థానం గడువు పొడిగించలేదు, ఇబ్బంది ఉన్నవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చన్నది. డిసెంబరు 6న పోర్టల్ మూసే సమయానికి దేశం మొత్తం మీద సుమారు 5.17 లక్షల ఆస్తుల నమోదు మొదలైతే, ఆమోదం పొందినవి సుమారు 2.16 లక్షలే. మిగిలినవి దాదాపు అన్నీ ఏదో ఒక మెట్టు మీద నిలిచి ఉన్నాయి. అవన్నీ బ్రౌజరు వల్లే ఆగాయని మేము అనము. పత్రాలు దొరకక ఆగినవీ, కొలతలు తేలక ఆగినవీ ఉంటాయి. అయితే గమనించవలసింది ఒకటి ఉన్నది. ట్రిబ్యునల్ ముందు నిలబడి 'సైటు పనిచేయలేదు' అని నోటితో చెబితే చాలదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ యంత్రంలో, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూపించాలి. ఆ ఆధారం దాచుకున్న ముతవల్లీలు ఎందరున్నారో చేతులెత్తండి. చూశారా, మొత్తం సభలో వేళ్ల మీద లెక్కించేటంత మంది.

కాబట్టి ఇకమీదట ఏం చేయాలో మా అనుభవం కొద్దీ చెబుతాము. సైటు ఆగిన క్షణంలోనే తెర ఫొటో తీయండి. ఫోనులో గంట, తేదీ కనిపించేటట్టు ఉండాలి. పైన ఉండే సైటు చిరునామా కూడా ఫొటోలో పడాలి. ఫోను కంపెనీ పేరు, బ్రౌజరు పేరు, దాని సంచిక సంఖ్య ఒక కాగితం మీద రాసుకోండి. బ్రౌజరు సెట్టింగులలో చివరన అది ఉంటుంది, ఇంట్లో పిల్లలు చూపిస్తారు. తరువాత అదే దరఖాస్తును మరో బ్రౌజరులో తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే పని పూర్తి చేసుకోండి, ఫిర్యాదు మాత్రం మానవద్దు. నా పని అయిపోయింది కదా అని వదిలేస్తే, వెనకవారికి ఆ గోడ అలాగే ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ సైటు మీద ఫిర్యాదు సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఇవ్వవచ్చు. రాష్ట్రానిదైతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకోండి. దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వేయండి. అడగవలసిన ప్రశ్నలు నాలుగే: మీ సైటును ఏయే బ్రౌజర్లలో పరీక్షించారు? ఆ పరీక్ష నివేదిక ప్రతి ఇవ్వండి. ఎస్‌టీక్యూసీ ధ్రువపత్రం ఉన్నదా, ఉంటే తేదీ ఎంత? గడువు రోజులలో సైటు ఎన్ని గంటలు ఆగిపోయింది? రుసుము 10 రూపాయలు, మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుమే లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు రాకపోతే అప్పీలు ఎలా వేయాలో మా దగ్గరకు వస్తే రాసిపెడతాము. అటువంటి దరఖాస్తు ఒకటి వస్తే కార్యాలయంలో కిందినుంచి పైదాకా ఎన్ని కుర్చీలు కదులుతాయో మాకు తెలుసు.

సైట్లు కట్టే ఇంజనీర్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, మన పిల్లల్లో బెంగళూరులో ఆ ఉద్యోగాలు చేసేవారు చాలామందే ఉన్నారు, వారికి కూడా ఒక్క మాట. బ్రౌజరు పేరు చూసి మనిషిని ఆపవద్దు. బ్రిటన్ ప్రభుత్వం తన సేవల సైట్లను ఏయే బ్రౌజర్లలో పరీక్షించాలో జాబితా వేసి ప్రకటిస్తుంది. హంగులు రాని యంత్రంలో కూడా దరఖాస్తు కనీస రూపంలోనైనా సాగిపోయేలా కట్టమని చెబుతుంది. అది కష్టమైన పని కాదని మీకు మాకంటే బాగా తెలుసు. సగం నింపిన దరఖాస్తు భద్రంగా నిలవాలి. గడువు చివరి రోజున సైటు ఆగితే, ఆగినన్ని గంటలు గడువు తనంతట తానే పెరగాలి. ఆఖరిది మీ చేతిలో లేకపోవచ్చు, అధికారులకు నోట్‌లో పెట్టే అవకాశమైనా మీకు ఉంటుంది.

చివరగా ఒక అభ్యర్థన. మీ ఇళ్లలో సొరుగుల్లో పడివున్న పాత ఫోన్లు మాకు ఇవ్వండి. అద్దం పగిలినా ఫరవాలేదు, తెర వెలిగితే చాలు. 2017లో 1,500 రూపాయల డిపాజిట్టుకు వచ్చిన మీటల జియోఫోను ఉన్నా తీసుకుంటాము. ఇచ్చేముందు మీ ఫొటోలు, ఖాతాలు అన్నీ చెరిపేయించండి. ఎలాగో తెలియకపోతే మా కార్యకర్తలు మీ ఎదుటే చెరిపేస్తారు. విద్యార్థి వేతనాల సైటు తెరిచిన మొదటి రోజే ఈ ఫోన్లన్నిటిలో, అన్ని బ్రౌజర్లలో ఒక్కొక్క మెట్టూ పరీక్షించి చూస్తాము. ఎక్కడ ఆగిందో ఆ వారంలోనే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ల నుంచీ ఫిర్యాదులు వెళ్తాయి. చివరి రోజు దాకా ఆగము. సమాచార హక్కు దరఖాస్తు నమూనా తెలుగులోనూ ఉర్దూలోనూ ద్వారం దగ్గరి బల్ల మీద ఉంచాము, ఇంటికొకటి తీసుకెళ్లండి. ఫోనుతో పాటు ఛార్జరు కూడా తేవడం మరవకండి, పాత ఫోన్లకు ఛార్జర్లు ఇప్పుడు బజారులో దొరకడం లేదు.